ఆగడానికి అరలక్ష

గోదావరి డెల్టాలో ఎత్తు అనేది వంతెనల మీద తప్ప మరెక్కడా దొరకదు. ధవళేశ్వరం దాటి గౌతమిగా, వశిష్ఠగా చీలిన నది కూడా సముద్రానికి వెళ్లే తొందరేమీ కనబరచదు. కోనసీమలో సైకిలు తొక్కడం మానేస్తే అది దానంతట అదే ఆగుతుంది. బ్రేకు అవసరం ఇంత తక్కువగా ఉన్న నేల దేశంలో అరుదు. సరిగ్గా ఇక్కడే, రావులపాలెం నుంచి రాజోలు దాకా, భీమవరం నుంచి నరసాపురం దాకా, వసారాల్లో, కొబ్బరిచెట్ల కింద, రొయ్యల మేత గోదాముల పక్కన, లడఖ్‌లో ఖర్దూంగ్ లా కనుమ దిగడానికి సరిపోయే బ్రేకులు టూరింగ్ మోటారు సైకిళ్లకు బిగుస్తున్నాయి. బిగిస్తున్నది మెకానిక్కులు కాదు, గృహస్థులు. ఈ పరిణామాన్ని మేధావులు ఇంతవరకు పట్టించుకోలేదు.

కంపెనీ ఇచ్చిన బ్రేకులు చాలవా అని అడిగే అమాయకులు ఉంటారు. చాలుతాయి. 125 సీసీ దాటిన బండ్లలో కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే పని ఒక చిన్న కంప్యూటర్ తలకెత్తుకుంది. అయితే అది అందరి బండికీ ఉంటుంది. అందరికీ ఉన్నదాన్ని తనకు ఉన్నట్టు లెక్కవేయడం డెల్టా గృహస్థుడి రక్తంలో లేదు. తాతగారు డాబా కట్టినప్పుడు ఎదురింటి కంటే పిట్టగోడ ఒక వరస ఎక్కువ లేపించిన వంశం ఇది.

నిజానికి డెల్టా రోడ్డుకు సొంత బ్రేకుల ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా కోతలు అవగానే సగం రోడ్డు కళ్లంగా మారుతుంది. ఆరబోసిన ధాన్యానికి సరిహద్దుగా బండరాళ్లు, తాటిబొందులు, అప్పుడప్పుడు ఒక నులకమంచం, మంచం మీద ధాన్యం సొంతదారు. ధాన్యం ఎత్తుకుపోయాక కూడా రాళ్లు మాత్రం రోడ్డు ఆస్తిగా మిగిలిపోతాయి. కాలువ గట్టు ఎక్కితే గేదెలు. గేదె హారనుకు లొంగదు, హెడ్‌లైటుకు లొంగదు, తనకు తోచినప్పుడు తోచినవైపు వెళుతుంది. ఆకివీడు దారిలో చేపల లారీ ముందు పోతుంటే దాని వెనక ఐసు నీళ్లు రోడ్డు పొడవునా గీత గీస్తాయి. ఆ గీత మీద బ్రేకు నొక్కినవాడికి భక్తి కుదురుతుంది. ఇక ఊరి మొదట్లో, ఊరి చివర్లో, గుడి దగ్గర, మాజీ సర్పంచిగారి ఇంటి ముందు రాత్రికి రాత్రే వెలిసిన స్పీడు బ్రేకర్లు. వాటిని ఎవరు వేశారో ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి స్వయంభువులనే అనుకోవాలి. ఇవన్నీ దాటినా, అరుగు మీద నుంచి చెయ్యెత్తి "ఎక్కడిదాకా బాబూ?" అనే పెద్దాయన దగ్గర ఆగక తప్పదు. ఆయనకు జవాబు చెప్పకుండా పోగలిగే వేగం ఏ బండికీ లేదు. పోతే, బండి ఇంటికి చేరేలోగా ఫిర్యాదు చేరుతుంది.

గంటకు నలభై కిలోమీటర్లు పుంజుకోవడమే గగనమైన ఈ దారుల కోసం పార్సిల్ వస్తుంది. అందులో ప్యాడ్లను డిస్కుకు అదిమే నాలుగు పిస్టన్ల కాలిపర్, మునుపటి కంటే వెడల్పైన డిస్కు, స్టీలు తీగ అల్లిన గొట్టాలు, ఎర్రటి లివరు, ఇంకా ఎర్రటి స్టిక్కర్లు. అన్నీ కలిపి అరలక్ష దాకా పోతుంది. ఇంట్లో చెప్పే ధర వేరు. ఈ రెండు ధరల మధ్య తేడాను ఆర్థిక శాస్త్రంలో ఏమంటారో గానీ, ఇక్కడ సంసారం సజావుగా సాగడం అంటారు.

ఈ సామగ్రిలో పనికొచ్చేది లేదనడం అన్యాయం. రబ్బరు గొట్టం పాతబడేకొద్దీ ఒత్తిడికి లోలోపల ఉబ్బుతుంది, లివరు మెత్తబడుతుంది. స్టీలు అల్లిక ఉన్న గొట్టం అంతగా ఉబ్బదు, చేతి బలం నేరుగా ప్యాడ్లకు చేరుతుంది. పార్సిల్ మొత్తంలో చవకైన వస్తువుల్లో ఇదొకటి. అందుకే దీని గురించి ఎవరూ మాట్లాడరు. అందరి చూపూ కాలిపర్ మీదే. పెద్ద పిస్టన్లు కదలాలంటే ఎక్కువ బ్రేకు ఆయిల్ కావాలి. లివరు దగ్గర ఉండి ఆ ఆయిల్‌ను పంపే పాత మాస్టర్ సిలిండర్ ఒక్క నొక్కుకు తోసేది మాత్రం పాత లెక్కే. లివరు హ్యాండిల్‌ను తాకేదాకా వచ్చేస్తుంది. దానికోసం పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే ఈసారి నొక్కడానికి మునుపటి కంటే ఎక్కువ బలం కావాలి. ఒక కొనుగోలు ఇంకొక కొనుగోలును కంటుంది, పార్సిల్ కుర్రాడు ఇంట్లో మనిషవుతాడు.

తరవాత ఆయిల్. సీసాల మీద రకాన్ని బట్టి డాట్ 3, డాట్ 4, డాట్ 5, డాట్ 5.1 అని ఉంటుంది. ఎంసెట్ కోచింగ్ నీడలో పెరిగిన తరం కనుక, 4 కంటే 5 తెచ్చుకున్నవాడే గొప్పవాడని మనకు సహజంగానే అనిపిస్తుంది. కానీ 3, 4, 5.1 ఒక కుటుంబం, గ్లైకాల్ జాతి. మధ్యలో కూర్చున్న 5 సిలికాన్ జాతి. ఆ ఇంటికీ ఈ ఇంటికీ వియ్యం కుదరదు, ఏబీఎస్ ఉన్న బండిలో దాన్ని పోయనే కూడదు. నంబర్లు పెట్టినవారు వరస తప్పారని విమర్శించవచ్చు. ఏది పోయాలో మాస్టర్ సిలిండర్ మూత మీదే అచ్చు వేసి ఉంటుంది. అయితే మూత చదవడం అప్‌గ్రేడ్ కిందకు రాదు.

ఆదివారం ఉదయం టిఫిను తరవాత వసారాలో శస్త్రచికిత్స మొదలవుతుంది. కొత్త గొట్టాల్లో చిక్కిన గాలిని, కాలిపర్ మీద నిపుల్ అనే చిన్న మర విప్పి, ఆయిల్‌తో పాటు బయటికి తోయాలి. పానాలు, అలెన్ కీలు, మందుల షాపులో అడిగి తెచ్చిన సెలైన్ గొట్టం, ఖాళీ నీళ్ల సీసా. వంటింట్లో ఒక స్టీలు గిన్నె కనబడకుండా పోతుంది, దాని సంగతి మధ్యాహ్నం తేలుతుంది. ఎదురింటి విశ్రాంత హెడ్‌మాస్టరుగారు కుర్చీ తెప్పించుకుంటారు. చెరువుల దగ్గర, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. అతనికి పని తెలుసు కాబట్టి అతన్ని ఎవరూ ఏమీ అడగరు. లివరు నొక్కే బాధ్యత మాత్రం బావమరిదిది.

"నొక్కు. అలాగే పట్టుకో. నిపుల్ విప్పుతున్నాను, నేను చెప్పేదాకా వదలకు."

"సరే బావగారూ."

బావమరిది ఒక చేత్తో లివరు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంటాడు. ఫోనులో ఏదో నవ్వొచ్చేది కనిపిస్తుంది. నిపుల్ బిగించకముందే లివరు వదులుతాడు. సీసాలోకి పోవలసిన గాలి వెనక్కి తిరిగి గొట్టంలోకి దూరుతుంది. అప్పటిదాకా తీసిన బుడగలన్నీ వృథా.

"మళ్లీ వస్తున్నాయయ్యా బుడగలు" అని హెడ్‌మాస్టరుగారు హాజరు వేస్తారు.

మోటారు సక్షన్ పైపులో గాలి పడితే ఇంజను ఎంత మొత్తుకున్నా చేలోకి చుక్క రాదని ఆ వసారాలో ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. బ్రేకు గొట్టంలో గాలీ అలాంటిదే. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. చేతి బలమంతా గాలిని నలపడానికే ఖర్చయితే ప్యాడ్లకు మిగిలేదేమీ ఉండదు. అయినా, పొలంలో పైపు నిండా నీళ్లు పోసి గాలి పూర్తిగా పోయేదాకా ఓపికపట్టే పెద్దమనిషి, ఇక్కడ మూడో బుడగకే "ఇక చాల్లే" అంటాడు.

అరలక్ష పెట్టినవాడు పొదుపు ఎక్కడ పాటిస్తాడన్నది అసలైన పరిశోధనాంశం. గొట్టం కాలిపర్‌తో కలిసేచోట బోల్టుకు అటూ ఇటూ రాగి వాషర్లు ఉంటాయి. ఒకసారి బిగిస్తే అవి నలిగి సందు మూస్తాయి, విప్పినప్పుడల్లా కొత్తవి వేయాలి. "పాతవి బాగానే ఉన్నాయి" అని వాటినే తిరిగి వేస్తాడు. తెల్లారేసరికి వసారా గచ్చు మీద చిన్న మడుగు. గ్లైకాల్ ఆయిల్ రంగును తినేస్తుంది, కానీ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి ఒలికిన వెంటనే కడిగేస్తే ముప్పు తప్పుతుంది. పెరటి వెనక కాలువ పారుతున్నా, బకెట్టు నీళ్లు మాత్రం పెట్రోలు ట్యాంకు మీద రంగు పొంగాకే వస్తాయి. ఏబీఎస్ పెట్టెలో గాలి చిక్కుకుంటే కొన్ని బండ్లకు కంప్యూటర్ తగిలించి గాని తీయలేరు. అప్పుడు బండి ట్రాలీ ఆటో ఎక్కి, వీధి దీపాలు వెలగకముందే, ఊరి చివర మెకానిక్కు దగ్గరికి వెళుతుంది. ఆయన ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఎవరు విప్పారండీ దీన్ని?" ఆ ప్రశ్నకు ఉభయ గోదావరి జిల్లాల్లో ఇంతవరకు ఎవరూ నిజం చెప్పలేదు. బావమరిది పేరే చెబుతారు.

కొబ్బరినూనె సంగతి విడిగా చెప్పాలి. కొత్త ప్యాడ్లు కొన్నాళ్లు కీచుమంటాయి. ప్యాడ్లు, డిస్కు ఒకదానికొకటి అలవాటు పడేదాకా, ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి, పూర్తిగా ఆగకుండా, చల్లారనిస్తూ, పదేపదే బ్రేకు పట్టాలి. చించినాడ వంతెన మీద తెల్లవారుజామున ఇలా పట్టుకుంటూ వదులుకుంటూ పోయేవాడిని చూసి వాకింగుకు వచ్చినవాళ్లు పాపం ఇంట్లో ఏదో గొడవ అనుకుంటారు. అంత ఓపిక లేని ఇళ్లలో పెద్దమ్మగారు వైద్యం చెబుతారు. కోనసీమలో తలుపు కిర్రుమన్నా, మోకాలు పట్టేసినా, పసిపిల్ల నిద్రపోకపోయినా మందు ఒక్కటే. డిస్కు మీద రెండు చుక్కలు పడతాయి. ప్యాడ్లు పీల్చుకుంటాయి. కీచుమనడం పోతుంది, బ్రేకు పోతుంది, ప్యాడ్లు చెత్తబుట్టలోకి పోతాయి. ఫిర్యాదును ఇంత సమూలంగా పరిష్కరించడం ప్రభుత్వ శాఖలకు కూడా చేతకాదు.

ఇంత చేశాక ఆ ముందు బ్రేకును వాడేదెవరు? ఎవరూ వాడరు. ఇక్కడ బండి నేర్పిన ప్రతి తండ్రీ, ప్రతి మేనమామా మొదటి పాఠంగా చెప్పింది ఒకటే: "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు." నిజం దీనికి తలకిందులు. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది, ముందు టైరు నేలకు గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. అందుకే కంపెనీ అక్కడ పెద్ద డిస్కు పెట్టింది. తటాలున గుంజకుండా క్రమంగా ఒత్తిడి పెంచితే అది బండిని బుద్ధిగా ఆపుతుంది. మన గృహస్థుడు మాత్రం నాలుగు పిస్టన్ల కాలిపర్‌ను కుడిచేతి ముందు పెట్టుకుని, ఆ చేత్తో మాజీ ఎంపీటీసీగారికి నమస్కారం పెడుతూ, కుడికాలితో వెనక బ్రేకు తొక్కి, ఎదురొచ్చిన గేదెను మొక్కుబడిగా తప్పించుకుంటాడు. వెనక బ్రేకు కంపెనీ ఇచ్చినదే. దాని ప్యాడ్లు అరిగి చాలా కాలమైంది.

చివరికి బండిని ఆపేది కాలిపర్ కాదు, నేలను పట్టుకున్న టైరు. గాట్లు అరిగి, ఎండకు గట్టిబడిన టైరు ఎంత పట్టు ఇస్తే అంతే. ఆ పట్టును మించి ఏ బ్రేకూ ఆపలేదు, ఏబీఎస్ కూడా లేని పట్టును పుట్టించలేదు. ధాన్యం గింజల మీద అరలక్ష బ్రేకు, పాత బ్రేకు ఒకే రకంగా జారుతాయి. ఆ విషయంలో మన రోడ్లు సామ్యవాదులు.

సంక్రాంతి వెళ్లాక ఈ బండ్లే గుంపుగా మారేడుమిల్లి మీదుగా చింతూరు ఘాట్ ఎక్కుతాయి. దిగేటప్పుడు కథ మారుతుంది. గేరు తగ్గించి ఇంజను మీద భారం వేయకుండా వంపు వంపుకూ బ్రేకు పట్టుకుంటే కాలిపర్ వేడెక్కుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. తేమ బాగా పట్టిన తరవాత ప్రమాణం కోరేది 155 డిగ్రీలు మాత్రమే. మన గాలిలో తేమకు కొదవేమిటి, బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. సుమారు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే. మార్చకపోతే ఘాట్ మధ్యలో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, లివరు ఖాళీగా లోపలికి పోతుంది. ఆ సమయంలో కాలిపర్ ఎంత ఎర్రగా ఉన్నా ఉపయోగం లేదు. కొత్త ఆయిల్ సీసా ఖరీదు పులస ముక్క సంగతి అటుంచి, పులుసు వాసన ఖరీదు కూడా చేయదు. పాత సీసాలో సగం మిగిలి అటక మీద ఉన్నదే పోద్దామనుకునే పొదుపరులకు మనవి: మూత తీసిన నాటి నుంచే అది తేమ తాగుతూ ఉంది.

కాబట్టి ఈ వ్యాసకర్త ప్రభుత్వానికి కాదు, నీటిపారుదల సంప్రదాయానికే విజ్ఞప్తి చేస్తున్నాడు. 1847లో మొదలైన ఆనకట్ట 1852కల్లా పూర్తయింది, కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు లేచాయి. కాలువ తవ్వి వదిలేస్తే చాలదని, వేసవిలో నీళ్లు కట్టేసి పూడిక తీయాలని, గుర్రపుడెక్క లాగాలని ఈ నేల మీద ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. కాలువల మూసివేత రోజుల్లోనే బ్రేకుల మూసివేత కూడా పెట్టుకోవాలి. ఆయిల్ సంగతి, ప్యాడ్ల మందం, టైర్ల గాట్లు, వెనక బ్రేకు, అన్నీ ఒకేసారి చూసేయవచ్చు. దీనికి ఫోటోలు బాగా రావని, స్టిక్కరు అంటించడానికి చోటు ఉండదని అభ్యంతరాలు వస్తాయని తెలుసు. వాటిని పరిశీలించడానికి ఒక కమిటీ వేయవచ్చు. అధ్యక్షత హెడ్‌మాస్టరుగారిది, ఆయనకు కుర్చీ ఎలాగూ ఉంది. పని ఏరేటర్ల కుర్రాడిది.

మొదటి సమావేశం లాకులు దించిన మర్నాడు. సభ్యులు తమ బండి మాస్టర్ సిలిండర్ మూత మీద ఏమి రాసి ఉందో చదివి రావాలి. బావమరుదులకు ప్రవేశం ఉంది, వారి ఫోన్లకు లేదు.