ఒట్టోమన్ పతకాలు చెప్పే అధికార చరిత్ర

ఒట్టోమన్ (తుర్కీ) సుల్తాన్ రెండో మహమూద్ 1826లో, శతాబ్దాలుగా సుల్తాన్ల పదాతిదళంగా ఉన్న జానిసరీ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. 1831లో నిషాన్-ఎ-ఇఫ్తిఖార్ అనే పతకాన్ని నెలకొల్పాడు. ఈ రెండింటినీ కలిపి చూడాలంటాను. పాత సైన్యం పోయింది, కొత్త సైన్యం వచ్చింది. దాని అధికారులు ఎవరి మనుషులో పదిమందికీ కనిపించాలి. అంతకుముందు సుల్తాన్ మెచ్చితే ఖిల్లత్ (గౌరవ వస్త్రం) కప్పేవాడు. పతకాలకు తరగతులు, నిబంధనలు ఏర్పడే కొద్దీ ఆ మెప్పు ప్రభుత్వ యంత్రాంగంలో భాగమైంది.

తర్వాతి సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1851లో తెచ్చిన మెజీదియే పతకానికి ఐదు తరగతులు. క్రిమియా యుద్ధంలో దాన్ని బ్రిటిష్, ఫ్రెంచ్ అధికారులకు విరివిగా పంచారు. రష్యా నుంచి తనను కాపాడుతున్న సేనల అధికారులకే సుల్తాన్ పతకాలు తొడిగాడన్నమాట. సాయం తీసుకుంటూనే, సాటి సార్వభౌముడినని చెప్పుకునే మార్గమది. నా దృష్టిలో ఆ పతకాల అసలు రాజకీయం ఇదే: అధికారం ఎక్కడ సన్నగిల్లిందో అక్కడే వాటి అవసరం పెరిగింది.

సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ కాలంలో ఇది మరీ స్పష్టం. రాజ్యం 1875లో అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 1881 నుంచి ముఖ్యమైన పన్నులు కొన్ని ఐరోపా రుణదాతల ప్రతినిధుల సంస్థ చేతికి వెళ్లాయి. అలాంటి స్థితిలో 1900లో డమాస్కస్ నుంచి మక్కా దిశగా హిజాజ్ రైలుమార్గం మొదలుపెట్టి, విదేశీ అప్పు లేకుండానే కడతామన్నారు. విరాళాలు పిలిచారు. ఇచ్చిన మొత్తాన్ని బట్టి నికెల్, వెండి, బంగారు పతకాలు. 1908లో రైలు మదీనా చేరింది. ఆ నిధికి భారత ముస్లింలూ చందాలిచ్చారు. హైదరాబాద్‌లో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఈ వసూళ్లకు పూనుకున్నారు. బ్రిటిష్ పాలనలో ఉన్న మనిషికి ఇస్తాంబుల్ నుంచి పతకం రావడం మామూలు మర్యాద కాదు. నేలమీద సరిహద్దులు కుంచించుకుపోతున్న రోజుల్లో, ఖలీఫాగా (ముస్లింలందరి మతాధిపతిగా) తన మాట ఎంతదూరం చెల్లుతుందో సుల్తాన్ చూపించుకున్నాడు.

పతకం ఇచ్చే హక్కు ఇంత విలువైనది కనుకే దానికోసం పోటీ కూడా నడిచింది. 1914 డిసెంబరులో బ్రిటన్, అప్పటిదాకా పేరుకు ఒట్టోమన్ రాజ్యంలో భాగంగా ఉన్న ఈజిప్టును తన రక్షిత రాజ్యంగా ప్రకటించింది. మరుసటి ఏడాదే అక్కడ నైలు పేరిట సొంత పతకం పుట్టింది. ఒట్టోమన్ సుల్తాన్ ఇచ్చే మెజీదియే, ఉస్మానియే పతకాలతో ఇక పనిలేకపోయింది.

ఆఖరి దెబ్బ లోపలి నుంచే తగిలింది. తిరుగుబాటుకు దిగిన సేనాని ముస్తఫా కెమాల్ (తర్వాతి అతాతుర్క్) పతకాలను ఇస్తాంబుల్ ప్రభుత్వం 1919లో రద్దు చేసింది. 1920 నవంబరు 29న, అతని వర్గం అంకారాలో నెలకొల్పిన జాతీయ సభ స్వాతంత్ర్య పతకానికి చట్టం చేసింది. అప్పటికి సుల్తాన్ ఇంకా గద్దె మీదే ఉన్నాడు. సుల్తాన్ పదవి రద్దయింది 1922లో. కొత్త పతకం రిబ్బను యుద్ధరంగంలో పోరాడినవారికి ఎరుపు, సభ సభ్యులకు ఆకుపచ్చ, రెండు బాధ్యతలూ మోసినవారికి రెండు రంగులూ.