పెట్టె విప్పారా?

ఫొటో చూసే ఉంటారు. విశాఖ నగరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయం వరండాలో సీపీయూలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కనే వైర్లు చుట్టేసిన మానిటర్లు. ఒక్కోదాని నొసట సుద్దముక్కతో ఇంటూ మార్కు. అన్నిటినీ కండెమ్ చేశారట, అంటే ఇక పనికిరావని రాసేశారట, పాత ఇనుము లెక్కన వేలం వేస్తారట. ఎందుకని మా విలేకరి అడిగితే 'వీటికి విండోస్ 11 ఎక్కదండీ' అన్నారు. వీటిలో నడిచేవి ఎన్ని? తెలీదు. ఎవరైనా విప్పి చూశారా? లేదు. స్టాక్ రిజిస్టర్‌లో కొన్న సంవత్సరం చూశారు, గీత గీశారు, వరండాలోకి మోయించారు.

ఆ 'లేదు' దగ్గరే మాకు ఒళ్లు మండింది. కంప్యూటర్ పాతదే కావచ్చు, పాడైందే కావచ్చు. బాగుచేయించాలా, మార్చేయాలా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో ఏదో ఒక రోజు వచ్చేదే. రెండింటిలో ఏది తేల్చినా మాకు పేచీ లేదు. విప్పకుండా తేల్చడం దగ్గరే పేచీ. ప్రజల డబ్బుతో కొన్న వస్తువు విషయంలో ఈ పద్ధతి ఒకసారి చెల్లుబాటైతే, రేపు ప్రతి ఆఫీసూ ఇదే ఫైలు చూపించి తన వంతు వరండా నింపుతుంది.

విండోస్ 11 ఎక్కక, భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌లో జనం ఆధార్ నంబర్లు, భూమి కాగితాలు పెట్టుకుని కూర్చోవడం ప్రమాదమని అధికారులు అంటున్నారు. నిజమే, కాదనం. అయితే ముల్లు గుచ్చుకుందని ఎవరూ కాలు తీయించుకోరు.

మా సంగతే చెబుతాం. కిందటి నెల ఒక రాత్రి ఎనిమిదిన్నరకు, సిటీ పేజీ వదలాల్సిన వేళ, మా డెస్క్‌లో పేజీలు పెట్టే కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. ఆన్ చేస్తే ఐదు నిమిషాలు నడవడం, మళ్లీ ఆగడం. ఆ వేళప్పుడు డెస్క్‌లో టెన్షన్ ఎలా ఉంటుందో పత్రికలో పనిచేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే ఒక షాపతను సగం విని, 'మదర్‌బోర్డ్ పోయుంటుంది సార్, ఈ మోడల్‌కి ఇప్పుడు బోర్డులు రావట్లేదు, కొత్తది తీసేసుకోండి' అన్నాడు. ఫోన్ పెట్టేలోగా వాట్సాప్‌లో కొటేషన్ వచ్చేసింది. మర్నాడు ద్వారకానగర్ నుంచి ఇంకో కుర్రాడు బ్యాగు తగిలించుకుని వచ్చాడు. పక్క ప్లేటు లాగగానే నల్లటి పొడి టేబుల్ మీద రాలింది. మా ఆఫీసు పోర్టుకు దగ్గర. బొగ్గు దుమ్ము కిటికీ రెక్కల మీదే ఉందనుకున్నాం. ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మీద కూడా మేట వేసింది. ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి పాత గోడ సున్నంలా పెచ్చులూడుతోంది. వేడి తట్టుకోలేక, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి, ఆ కంప్యూటర్ ఆగిపోతోంది పాపం. కుర్రాడు బ్లోయర్ కొట్టాడు, పేస్ట్ మార్చాడు, ర్యామ్ అనే మెమొరీ ముక్కను ఊడదీసి దాని పసుపుపచ్చ అంచును బడిపిల్లల రబ్బరుతో రుద్దాడు, లోపలికి కరెంటు అందించే, నీరసించిన ఎస్‌ఎంపీఎస్ మార్చాడు. సర్వీస్ ఛార్జీతో కలిపి మూడు వేలు దాటలేదు. మీరు చదువుతున్న ఈ పేజీ దాని మీద పెట్టిందే.

అలాగని మేమేదో మహా జాగ్రత్తపరులమని కాదు. అంతకుముందు ఇంకో కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ వారం రోజులపాటు టిక్కు టిక్కుమంటూ మొత్తుకుంది. ఎవరం చెవిన పెట్టలేదు. ఒక పొద్దున్న పాత ఫొటోలతో సహా పోయింది. విప్పిస్తే బోర్డు మీద కెపాసిటర్లు కూడా ఉబ్బి ఉన్నాయి. అన్నీ మార్చాలంటే కొత్తదాని ధరలో సగం దాటేలా ఉంది. నోరు మూసుకుని కొత్తది కొన్నాం. పారేయాల్సినవి ఉంటాయి, ఎందుకుండవు? అది విప్పాక తెలిసే సంగతి.

విశాఖలో అయితే మరీను. లాసన్స్‌బే కాలనీలో, ఎంవీపీలో, పెదవాల్తేరులో ఉప్పుగాలి తగిలి ఇంటి గ్రిల్ ఎన్నాళ్లకు తుప్పుపడుతుందో అందరికీ తెలుసు. అదే గాలి సీపీయూలోకీ దూరుతుంది. ర్యామ్ కాళ్ల మీద, పోర్టుల మీద పొర కడుతుంది. స్క్రీన్ నల్లగా ఉండి బీప్ బీప్‌మంటే నూటికి నూరుపాళ్లూ బోర్డు పోయినట్టు కాదు, ర్యామ్ ఒకసారి తుడిచి పెట్టి చూడాలి. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పోర్టు దుమ్ము సరేసరి. రోజూ తేదీ, టైమ్ మళ్లీ మొదటికి వస్తున్నాయంటే అది గడియారాల షాపులో దొరికే బటన్ సెల్ సంగతి. యాభై రూపాయల బటన్ సెల్ కోసం కంప్యూటర్ మార్చేసిన ఇళ్లు మాకు తెలుసు. బజారులో మెకానిక్కులూ అందరూ ఒక్కలా ఉండరు లెండి. జబ్బేమిటో చూడకుండా 'ఫార్మాట్ కొట్టేద్దాం' అనేవాళ్లు ఒకవైపు, 'కొత్తది కొనేయండి' అనేవాళ్లు మరోవైపు. ఇద్దరిదీ విప్పకుండా తీర్పు చెప్పే జబ్బే.

ఈ జబ్బు గుమాస్తాల దగ్గర మొదలైంది కాదు, పైనుంచి దిగింది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఇదే చివరి విండోస్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు వేదిక మీదే అన్నారు. ఆరేళ్లకే విండోస్ 11 వచ్చింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంది. ఇంటెల్ చిప్‌ల విషయంలో, కొద్ది మినహాయింపులు తప్ప, 2017లో వచ్చిన ఎనిమిదో తరానికి ముందువి పనికిరావంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేసింది. ఆ ముందురోజు నడిచిన కంప్యూటర్ ఆ రోజూ నడిచింది, ఆ మర్నాడూ నడిచింది. దానికి ఏ రోగమూ లేదు, క్యాలెండర్ తప్ప. ఇంట్లో వాడుకునేవాళ్లకు ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చింది కానీ సెట్టింగులన్నీ కంపెనీ క్లౌడ్‌కు అప్పగించాలి, లేదా రివార్డ్ పాయింట్లు ఖర్చుపెట్టాలి, లేదా డబ్బు కట్టాలంది. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీస్తే అక్కడ మాత్రం ఆ షరతులు సడలించారు. మన దగ్గర నిలదీసింది ఎవరు?

తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే అక్టోబరు 14న ఢిల్లీలో విశాఖకు గూగుల్ ఏఐ హబ్ ప్రకటన వెలువడింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. మేమూ మొదటి పేజీలో బ్యానర్ కట్టాం. విండోస్ 10 గడువు వార్త లోపలి పేజీలో ఓ మూలన పడింది. తప్పు మాదే. ఆ రెండు వార్తలకూ చుట్టరికం ఉందని తర్వాత బజారు చెప్పింది. ప్రపంచమంతా లేస్తున్న ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లను టోకున ఎత్తుకుపోతుంటే చిల్లరగా కొనుక్కునే ర్యామ్ ధర నెలల్లోనే రెండింతలు దాటింది. 2025 డిసెంబరులో మెమొరీ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ కంపెనీ, మామూలు జనం కొనే తన క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు చెప్పేసింది. అంటే కొత్త కంప్యూటర్ ఖరీదు పెరుగుతోంది, పాత కంప్యూటర్‌లోని ర్యామ్ ముక్కకూ గిరాకీ పెరుగుతోంది. సరిగ్గా ఈ సమయం చూసుకుని మన ప్రభుత్వ ఆఫీసు ఆ ముక్కల్ని పెట్టెతో సహా కిలోల లెక్కన అమ్మబోతోంది. ఆ వేలం పాట పాడుకునేవాడికి మాత్రం లోపల ఏముందో బాగా తెలుసు. అతను ముందు చేసే పని విప్పడమే.

ఇక నీతుల సంగతి. ఆదివారం ఆర్కే బీచ్‌లో చేతికి గ్లౌజులు తొడుక్కుని ప్లాస్టిక్ సీసాలు ఏరుతూ ఫొటోలు దిగే శాఖలు ఇవే. పర్యావరణ దినోత్సవం నాడు మొక్క నాటేదీ వీరే. 2022లో ప్రపంచం పోగేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమేనని ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక చెప్పింది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. పెద్ద సంఖ్యలో పరికరాలు వాడే సంస్థలు వాటిని రిజిస్టరైన తయారీదారుకో, రీసైక్లర్‌కో, బాగుచేసి అమ్మే సంస్థకో మాత్రమే ఇవ్వాలి. పాత ఇనుము పాటలో కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులోనే 'రిపేరు హక్కు' పేరుతో పోర్టల్ తెరిచింది. వినియోగదారుడికి రిపేరు హక్కు ఉందని ఉపన్యాసం ఇచ్చే ప్రభుత్వం తన సొంత ఆఫీసులో ఆ హక్కును ఒక్కసారైనా వాడుకుందా? చెప్పేవి శ్రీరంగ నీతులు.

దీని వెనక ఒక మతలబు ఉంది, అందరికీ తెలిసిందే, ఎవరూ రాయరు. ప్రభుత్వ ఆఫీసులో మూడు వేల రిపేరు బిల్లు పాస్ చేయించుకోవడం కంటే కొత్త కంప్యూటర్లు కావాలని ఇండెంట్ కాగితం పెట్టడం తేలిక. రిపేరు చేయిస్తే ఎందుకు, ఎంతకు, ఎవరితో అని ఆడిట్ అడుగుతుంది. కండెమ్ చేస్తే ఎవరూ అడగరు. ఏఎంసీ అని, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందమని, ఏటా ఎవరికో కడుతున్న సొమ్ముకు ఆ కంపెనీ మనిషి ఎన్నిసార్లు వచ్చి ఎన్ని పెట్టెలు విప్పాడో రిజిస్టర్ తీయమనండి చూద్దాం.

అసలు విండోస్ 11 ఎక్కనంత మాత్రాన కంప్యూటర్ చెత్తయిపోదు. హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే ఉత్తరాలు టైపు చేయడానికి, బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు తెరవడానికి అది ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. లినక్స్‌కు భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి కాబట్టి అధికారుల భయానికీ మందు అదే. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. ఇక్కడ మండలాల్లో ఎన్ని బడులు కంప్యూటర్ కోసం ఎదురుచూస్తున్నాయో విద్యాశాఖను అడిగితే చెబుతుంది. నగరంలో డీటీపీ సెంటర్లు చూడండి. పేజీలు పెట్టే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు కొత్త విండోస్‌లో సతాయిస్తాయని పాత సీపీయూను నెట్‌కు తగిలించకుండా విడిగా ఉంచి, కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. శుభలేఖలు అచ్చువేసి బతికే మనిషికి ఉన్న తెలివి, ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవాళ్లకు లేకపోయింది.

ఈ గీత ఇక్కడితో ఆగదు, మా భయమంతా అదే. కంపెనీ తేదీ చెప్పింది కాబట్టి వస్తువు చచ్చిందని సర్కారే సంతకం పెడితే, రేపు ఆటో డ్రైవర్ అప్పుచేసి కొన్న ఎలక్ట్రిక్ బండికి సాఫ్ట్‌వేర్ గడువు తీరిందంటారు. ఎల్లుండి రైతు డ్రిప్పు కంట్రోలర్‌కు, ఆసుపత్రిలో స్కానింగ్ మెషీన్‌కు అంటారు. అప్పుడు అడ్డం పడాల్సిన ప్రభుత్వం ఏ మొహం పెట్టుకుని అడ్డం పడుతుంది? 'మీరూ విప్పకుండానే కండెమ్ చేశారుగా' అని కంపెనీ వరండా ఫొటో చూపించదా?

ఇంకొక్క మాట అడగాలి. భద్రత కోసమే వీటిని కండెమ్ చేశామంటున్నారు కదా. మరి ఆ పెట్టెల్లోని హార్డ్ డిస్కులు ఏవి? పెట్టే విప్పనప్పుడు డిస్కు బయటికి ఎలా వస్తుంది? అంటే ఏ ఆధార్ నంబర్లు, ఏ భూమి కాగితాల పేరు చెప్పి ఈ వ్యవహారం మొదలుపెట్టారో, అవన్నీ ఇవాళ్టికీ తాళం లేని వరండాలో, సుద్దముక్క గీతల కింద, పాటదారుడి కోసం ఎదురుచూస్తున్నాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. అది ప్రైవేటు కంపెనీలకేనా?

వేలం ఆపండి. ఒక్కో సీపీయూకు వెనక రెండు స్క్రూలుంటాయి. స్క్రూడ్రైవర్ కొనడానికి కూడా ఇండెంట్ పెట్టాలంటే ఆగకండి, కబురు పెట్టండి. మా డెస్క్‌లో ఒకటి ఉంది, పంపిస్తాం.