రెండో మేక తరఫున ఒక మనవి

పైవాళ్ల తప్పు నెత్తిన పడి సస్పెండైన గుమస్తాను మనం ‘బలిపశువు’ అంటాం. రికార్డు సరిచేయాలి. బైబిల్లోని లేవీయకాండం 16వ అధ్యాయంలో, యూదులు ఏటా జరుపుకునే ప్రాయశ్చిత్త దినానికి (యోమ్ కిప్పూర్) మేకలు రెండు. చీట్లు వేస్తారు. ఒకటి యెహోవాకు, దాన్ని బలిస్తారు. రెండోది అజాజేలుకు (అదెవరో, ఏమిటో పండితులింకా తేల్చలేదు), దాన్ని ప్రాణంతోనే అరణ్యానికి తోలేస్తారు. జనం పాపాలు మోసేది ఈ రెండోదే. కాబట్టి మన గుమస్తా బలిపశువు కాడు, తోలేసిన పశువు.

ఆ రెండు మేకలూ రూపంలో, ఎత్తులో, ధరలో ఒకేలా ఉండాలని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా అంటుంది. అంటే ఈ మేక చేసిన నేరమేమీ లేదు, చీటీ అటు పడింది. ఇంత పారదర్శకత నేను ఏ శాఖాపరమైన విచారణలోనూ చూడలేదు.

అయితే ఆ పద్ధతిలో ఒక లోపముంది. ప్రధాన యాజకుడు మేక తల మీద రెండు చేతులూ ఉంచి, జనం పాపాలన్నీ పైకి ఒప్పుకోవాలి. అదయ్యాకే మేక కదులుతుంది. ఎందుకొచ్చిన టెన్షన్? మనవాళ్లు తెలివైనవాళ్లు, ఒప్పుకోలు తీసేసి మేకను ఉంచుకున్నారు. పైగా పొరుగువాడికి చేసిన అన్యాయం ఆ రోజుతో మాఫీ కాదట, వెళ్లి వాణ్ని సముదాయించుకోవాల్సిందేనట. ఇక మేక మీద డబ్బు తగలేయడం దేనికి?

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేం ఆలయాన్ని కూల్చాక మేక లేదు. పాపం, యూదులు ఆ రోజు ఉపవాసముండి, హీబ్రూ అక్షరమాల వరసలో తప్పులు చదువుతూ ఎవరి గుండె వాళ్లే కొట్టుకుంటున్నారు. అదీ ‘మేము చేశాం’ అని!

క్రైస్తవులకు యేసే అందరి పాపాలూ మోశాడు. ఒక్కసారే, శాశ్వతంగా అని బైబిల్ కొత్త నిబంధనలోని ‘హెబ్రీయులకు రాసిన పత్రిక’ చెబుతుంది. ఇక మేకల గిరాకీ పోవాలి కదా. 1349లో ప్లేగు ఇంకా ఊళ్లోకి రాకముందే ఐరోపాలోని స్ట్రాస్‌బర్గ్‌లో, బావుల్లో విషం కలిపారని యూదుల్ని తగలబెట్టారు. ముందుజాగ్రత్త అంటే అదీ.

ఇంకో సంగతి. ప్రాణంతో వదలమని ఉత్తర్వు. అమల్లో మాత్రం మేకను కొండ మీంచి వెనక్కి తోసేవారని మిష్నాయే చెబుతుంది. యెరూషలేం నుంచి ఆ కొండ దాకా దారిలో పది పందిళ్లు. మేకను తోలుకెళ్లే మనిషితో ప్రతి పందిరి దగ్గరా ‘ఇదిగో తిండి, ఇదిగో నీళ్లు’ అనేవారు. మేకను అడిగినట్టు ఎక్కడా లేదు.