బీరువాలో ఉన్న వైద్యానికి యుద్ధం దాకా ఎందుకు ఆగారు?

ఉక్రెయిన్‌లో డ్రోన్ల భయానికి అంబులెన్సులు కదల్లేకపోతున్నాయని, గాయపడ్డవాళ్లకు నేలమాళిగల్లో ఆపరేషన్లు చేస్తున్నారని వార్త వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఓ పాత మాట తీస్తారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, యుద్ధాల వల్లే కదా వైద్యం ముందుకెళ్లింది అని. మొదటి ప్రపంచ యుద్ధం, బ్రిటిష్ ఆర్మీ మెడికల్ కోర్, రక్తమార్పిడి, పెన్సిలిన్... చిట్టా రెడీగా ఉంటుంది. ఆ చిట్టాలో ఒక్కో పద్దు ఎదుట తేదీ వేసి చూడండి, కథ తిరగబడుతుంది.

తొడ ఎముక విరిగిన సైనికుడి సంగతే తీసుకుందాం. ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో తూటా తగిలి తొడ విరిగితే, స్ట్రెచర్ కుదిపిన ప్రతిసారీ విరిగిన ఎముక కొన కండను కోసేది. నెత్తురు లోపల్లోపలే పోయేది. ఆస్పత్రికి చేరేసరికి మనిషి రక్తపోటు పడిపోయి షాక్‌లో ఉండేవాడు. యుద్ధం తొలి ఏళ్లలో ఇలాంటివాళ్లలో నూటికి 80 మంది పోయారని వైద్య చరిత్రల్లో రాస్తారు. ఆ అంకె కాస్త పెంచి చెప్పిందేనని వాదించేవాళ్లూ ఉన్నారు. సరే, తగ్గించుకుందాం. 1917లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ పోరు నాటికి మాత్రం అది 16 దగ్గరికి దిగింది. ఇంతకీ ఏం కనిపెట్టారు? ఏమీ లేదు. థామస్ స్ప్లింట్ అనే ఇనప చట్రాన్ని ముందు వరసకు పంపారు. తొడ మొదట్లో తోలు చుట్టిన రింగు, అక్కణ్నుంచి పాదం దాటేదాకా రెండు కడ్డీలు. బూటు కూడా విప్పకుండా కాలిని కిందికి లాగి కట్టేస్తారు. స్ట్రెచర్ మోసేవాళ్లకు దీన్ని అంకెలు చెబుతూ కవాతులా నేర్పించారు, చీకట్లోనైనా చేతులు తడబడకుండా.

ఈ చట్రం చేసిన హ్యూ ఓవెన్ థామస్ 1891లోనే చనిపోయాడు. లివర్‌పూల్‌లో రేవు కూలీలకు, పేదలకు ఎముకలు కట్టిన డాక్టర్. చట్రం 1870ల నాటిది. అంటే నలభై ఏళ్లు ఊరికే పడి ఉంది.

మిగతా పద్దులూ అంతే. రక్తంలో గ్రూపులున్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లోనే చెప్పాడు. సిట్రేట్ అనే లవణం కలిపితే రక్తం గడ్డకట్టదని యుద్ధానికి కొద్ది నెలల ముందే బెల్జియంలో చేసి చూపించారు. అమెరికన్ ఆర్మీ డాక్టర్ ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఈ రెంటినీ కలిపి, 1917 చివర్లో కాంబ్రే పోరుకు ముందు రక్తాన్ని నిల్వ చేశాడు. తూటాల పెట్టెల్లో రంపపు పొట్టు కూరి, ఐస్ పెట్టి దాచాడు. నాకు ఎంతో నచ్చే వివరం ఇది. రంపపు పొట్టు, ఐస్, చెక్కపెట్టె 1910లో దొరకవా? ధనుర్వాతం సీరం 1890 నాటిది. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ 1928లో చూశాడు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసుకు ఎక్కిస్తే కోలుకుంటూ కోలుకుంటూ మందు అయిపోయి చనిపోయాడు. 1944లో సైన్యాలు నార్మండీ తీరంలో దిగేసరికి అదే మందు గాయపడ్డవాళ్లందరికీ సరిపడా తయారైంది. మూడేళ్లలో మారింది సైన్స్ కాదు, ఖజానా తాళం.

మందుల మాట సరే, క్షతగాత్రుణ్ని అంచెలంచెలుగా వెనక్కి చేర్చే ఏర్పాటు మాత్రం సైన్యానిదే కదా అంటారు. నిజంగానే గొప్ప ఏర్పాటు. కందకం వెనకాలే రెజిమెంట్ డాక్టర్, ఆ తర్వాత డ్రెస్సింగ్ స్టేషన్, రైలు పట్టాల దగ్గర ఆపరేషన్లు చేసే క్లియరింగ్ స్టేషన్, అక్కణ్నుంచి అంబులెన్స్ రైల్లో తీరంలోని పెద్దాస్పత్రి. కానీ అచ్చం ఇలాంటిదే యుద్ధానికి ముందే ఎక్కడ నడిచిందో తెలుసా? ఇంగ్లండ్‌లో ఓడల కోసం తవ్విన మాంచెస్టర్ షిప్ కెనాల్ దగ్గర. 1888 నుంచి అక్కడ వేలాది కూలీలు పనిచేశారు, రోజూ ప్రమాదాలే. 36 మైళ్ల పొడవునా ప్రథమ చికిత్స కేంద్రాలు, మూడు ఆస్పత్రులు, వాటిని కలుపుతూ పనికోసం వేసిన రైలు. ఈ ఏర్పాటు నడిపిన యువ సర్జన్ రాబర్ట్ జోన్స్, హ్యూ ఓవెన్ థామస్ బంధువే, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. తర్వాత యుద్ధంలో ఆ స్ప్లింట్ కోసం పట్టుబట్టిందీ ఆయనే. కాలువ పూర్తయ్యాక ఆ ఏర్పాటును ఇంగ్లండ్ గనులకో ఫ్యాక్టరీలకో అందించాలని పెద్దగా ఎవరికీ తోచినట్టు లేదు. కూలీ కాలు విరిగితే ఇంకో కూలీ దొరుకుతాడు మరి.

యుద్ధంలో నిజంగా కొత్తగా పుట్టినవీ ఉన్నాయని ఒప్పుకుంటాను. తెగిపోయిన ముఖాలను సర్జన్ హెరాల్డ్ గిల్లీస్ లండన్ దగ్గరి సిడ్‌కప్ ఆస్పత్రిలో మళ్లీ అతికిన తీరు అంతకుముందు లేదు. అన్ని వేల ముఖాలు ఒకేచోటికి వస్తే చెయ్యి తిరుగుతుంది, ఎవరు కాదన్నారు? అయితే ఆ ముఖాలను చీల్చిందీ ఆ యుద్ధమే. ఇల్లు తగలబెట్టి చలి కాచుకున్నట్టుంది ఈ లెక్క.

అసలు ప్రశ్న ఖజానా ఎవరి కోసం తెరుచుకుంటుందన్నది. సైనిక వైద్యుడి పని మనిషిని బతికించడం ఒక్కటే కాదు, మళ్లీ తుపాకీ పట్టించడం కూడా. 1914 చివర్లో భారతీయ సైనికులు ఫ్రాన్స్‌లో గాయపడి వస్తే ఇంగ్లండ్ తీరంలోని బ్రైటన్ రాజభవనాన్నే ఆస్పత్రి చేశారు. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి తొమ్మిది వంటిళ్లు, హిందువులకూ ముస్లింలకూ వేరువేరు కుళాయిలు. ఫొటోలు తీసి ఇండియా అంతటా పంచారు. అదే ఊళ్లో బ్రిటిష్ యుద్ధమంత్రి కిచెనర్ పేరిట నడిచిన ఇంకో భారతీయ ఆస్పత్రి గోడల మీద మాత్రం ముళ్లకంచె. బయటికెళ్లడానికి లేదు. గాయం మానినవాణ్ని మళ్లీ కందకానికే పంపేవారు.

తర్వాత ఆ దళాలనే మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు తరలించారు. 1916 జనవరిలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన భారతీయ సైన్యపు మీరట్ డివిజన్ టైగ్రిస్ ఒడ్డున పోరాటంలోకి దిగేసరికి దాని అంబులెన్స్ దళాలు ఇంకా చేరనేలేదు. క్షతగాత్రులను స్ప్రింగులు లేని సామాను బళ్లలో, మలమూత్రాలు పేరుకుపోయిన పడవల్లో పంపారు. ఆ ఘోరం చూసి మేజర్ కార్టర్ అనే డాక్టర్ ఫిర్యాదు చేస్తే పైవాళ్లు ఆయన్నే బెదిరించారు. 1917లో విచారణ సంఘం నివేదిక వచ్చాక భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లిన్ రాజీనామా చేశాడు. ఆ సైనికులే, ఆ సైన్సే, మధ్యలో గడిచింది ఏడాది పైచిలుకే. బ్రైటన్‌లో కెమెరాలున్నాయి, టైగ్రిస్ ఒడ్డున లేవు.

ఇప్పుడు మన మన్యంలోకి రండి. పాడేరు కొండల్లో, పార్వతీపురం దిక్కున గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో ప్రతి వానాకాలం చూస్తున్నాం. 108 హైదరాబాద్‌లో మొదలై 2005 ఆగస్టు 15కే పరుగులు తీసింది. ఏజెన్సీలో బైక్ అంబులెన్సులు పెట్టారు, కాదనను. కానీ రోడ్డే లేని చోట బైకు ఏం చేస్తుంది? అంచెలంచెలుగా మనిషిని చేర్చడం ఎలాగో ప్రపంచానికి 1888 నాటికే తెలుసు.

అడిగితే అటవీ అనుమతులంటారు, జనాభా చాలదంటారు. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు గిరిజన, కొండ ప్రాంతాల్లో కనీసం 250 మంది ఉన్న ఊరికి మాత్రమే రోడ్డన్నారు. పది గడపల గూడెం ఆ లెక్కలోకి రాదు. తర్వాత 2016లో ఉమ్మడి విశాఖ, ఖమ్మం లాంటి జిల్లాలకు రోడ్ల కోసమే ప్రత్యేకంగా కేంద్ర పథకం వచ్చింది. ఆ జిల్లాలను ఎంచుకున్నది మావోయిస్టుల ప్రభావాన్ని బట్టి, రోడ్లు ముందు భద్రతా దళాల కదలికలకు. ఆ తారు మీద ఇప్పుడు 108 కూడా వెళ్తోంది.