ఎల్విస్ కంటే ముందే విన్నారు

అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పుట్టినరోజు వచ్చినా, వర్ధంతి వచ్చినా ఒక మాట చేతులు మారుతూ తిరుగుతుంది: "1956లో ఆయన టీవీలో కనిపించేదాకా తెల్ల అమెరికాకు నల్లజాతివారి పాట తెలియదు. ఆయన పాడబట్టే విన్నారు. ఆయన దారి వేయబట్టే నల్లజాతి గాయకులూ పైకొచ్చారు." ఎల్విస్ గొంతంటే నాకూ ఇష్టమే. ఈ మాటే మింగుడుపడదు.

తెలియకపోవడమేమిటి? నల్లజాతి సోదరుల బృందం మిల్స్ బ్రదర్స్ పాడిన 'పేపర్ డాల్' 1943లో వారాల తరబడి దేశమంతటా మొదటి స్థానంలో ఉంది. అప్పటికి ఎల్విస్‌కు ఎనిమిదేళ్లు.

అవి మెత్తని పాటలు, నల్లజాతివారి హుషారు సంగీతం రిథమ్ అండ్ బ్లూస్ సంగతి వేరంటారా? సరే. క్లీవ్‌లాండ్‌లో లియో మింట్జ్‌కు రికార్డుల దుకాణం ఉండేది. తెల్ల కుర్రకారు వచ్చి నల్లజాతి బ్యాండ్ల రికార్డులే ఏరుకుని కొంటున్నారని గమనించి, ఆ సంగతి రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ చెవిన వేశాడు. 1951 నుంచి ఫ్రీడ్ రాత్రి కార్యక్రమంలో అవే మోగాయి. మెంఫిస్‌లోనైతే డబ్ల్యూడీఐఏ స్టేషన్ 1948లోనే నల్లజాతి వ్యాఖ్యాతలను మైకు ముందు కూర్చోబెట్టింది. అదే ఏడాది ఆ ఊరికి వచ్చి, ఆ స్టేషన్ వింటూ పెరిగిన ఒక తెల్ల కుర్రాడి పేరు ఎల్విస్ ప్రెస్లీ. లేరని చెబుతున్న శ్రోతల్లో ఆయనా ఒకడన్నమాట.

ఆయన పాడబట్టే విన్నారన్న దానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 1954 నాటి ఆయన మొదటి రికార్డు నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రుడప్ పాట. 'హౌండ్ డాగ్' ఆయనకంటే మూడేళ్ల ముందే నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ గొంతులో ఏడు వారాలు రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానంలో ఉంది. (దాన్ని రాసింది ఇద్దరు తెల్ల కుర్రాళ్లు. ఎవరి సొత్తు ఏదో తేల్చడం అంత తేలిక కాదు.)

ఇక దారి వేశాడన్న మాట. ఎల్విస్ రికార్డుల అమ్మకాలు రిథమ్ అండ్ బ్లూస్‌లోంచి పుట్టిన రాక్ అండ్ రోల్ మార్కెట్‌ను పెంచాయి, కాదనను. కానీ ఆయన దేశమంతటికీ తెలియకముందే, 1955లో, నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ 'మేబెలీన్' దేశమంతటి శ్రోతలను లెక్కగట్టే పాప్ పట్టికలో 5వ స్థానానికి చేరింది. అడ్డుపడింది శ్రోతల చెవులు కాదు, కంపెనీల లెక్కలు. నల్లజాతి గాయని లావెర్న్ బేకర్ 'ట్వీడిల్ డీ' విడుదల చేయగానే జార్జియా గిబ్స్ అనే తెల్ల గాయని వాద్యాల అమరికతో సహా అచ్చు దించినట్టు పాడింది. చట్టం పాట రాసినవారికే రక్షణ ఇచ్చేది, పాడినవారి బాణీకి, అమరికకు కాదు. బేకర్ పాట 14వ స్థానంలో ఆగితే గిబ్స్‌ది 2వ స్థానానికి వెళ్లింది. సొమ్మొకడిది, సోకొకడిది. బేకర్ అమెరికా చట్టసభ సభ్యుడికి మొరపెట్టుకుంది, ఫలితం లేదు. తర్వాత విమాన ప్రయాణానికి ముందు బీమా చేయించి, ఆ పత్రం గిబ్స్ పేరిట పంపిందని చెప్పుకుంటారు: నాకేమైనా అయితే నీ పాటలు ఆగిపోతాయి కదా అని!

1956లో నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ పాట 'లాంగ్ టాల్ సాలీ'ని తెల్ల గాయకుడు పాట్ బూన్ కూడా పాడాడు. ఈసారి లిటిల్ రిచర్డ్ పాడినదే 6వ స్థానానికి చేరింది, బూన్‌ది 8 దగ్గర ఆగింది.

ఈ సంగీతం తాను రాకముందు నుంచే ఉందనీ, నల్లజాతి గాయకుడు ఫ్యాట్స్ డామినోలా తాను పాడలేననీ 1957లో నల్లజాతి పాఠకుల పత్రిక 'జెట్'కు ఎల్విస్సే చెప్పాడు.