కూలి లెక్కలో ఆడవాళ్ల గడి ఏది?

విశాఖ భాగస్వామ్య సదస్సులో 13 లక్షల కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడి ఒప్పందాలు కుదిరాయని, 16 లక్షలకు పైగా ఉద్యోగాలు వస్తాయని 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఏ కంపెనీకి ఎన్ని ఎకరాలో, ఎన్ని మెగావాట్లో, ఎంత రాయితీయో లెక్కలు ఉన్నాయి. ఆ ఉద్యోగాల్లో ఆడవాళ్లకు దక్కేవి ఎన్ని, ఒకే పనికి మగవాడి చేతికి ఎంత వస్తుంది, ఆడమనిషి చేతికి ఎంత వస్తుంది అన్న లెక్క మాత్రం లేదు. వారం తిరిగేసరికి, నవంబరు 21న, కేంద్రం పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. ఆడా మగా వేతనాల తేడా బయటపెట్టమని కంపెనీలను అడిగే నిబంధన వాటిలోనూ లేదు.

ఈ లెక్క ఒకప్పుడు ఉండేది. 1976 సమాన వేతన చట్టం నిబంధనల్లో ఫారం-డి అనే రిజిస్టర్ ఉండేది. పని పేరు, ఆ పనిలో మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, చెల్లిస్తున్న రేటెంత అన్నవన్నీ ఒకే వరుసలో రాయాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పేజీ తెరిస్తే చాలు, తేడా కళ్లకు కనపడేది. వ్యాపార సౌలభ్యం పేరుతో 2017లో తొమ్మిది కేంద్ర చట్టాల కింద ఉన్న 56 రిజిస్టర్లను 5కు కుదించారు. ఆ కుదింపులో ఈ పేజీ కొట్టుకుపోయింది. కార్మికులు ఆడో మగో ఒక రిజిస్టర్లో ఉంటుంది, వారి జీతం మరొక రిజిస్టర్లో ఉంటుంది. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి పోల్చే బాధ్యత ఎవరికీ లేదు. అడిగేవారు లేని చోట సమాన వేతనం చట్టంలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఫ్యాక్టరీ రాకపోతే ఆ కాస్త జీతమైనా ఎక్కడిది, కలుపుతీత కూలి కంటే ఇది మేలు కాదా అని పారిశ్రామికవేత్తలు అంటారు. నెల నెలా జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం మేలే, కాదనం. అయితే పెట్టుబడి వచ్చినంత మాత్రాన వేతనాల తేడా దానంతటదే తగ్గుతుందన్న మాటకు మన దేశ అనుభవంలో ఆధారం బలంగా లేదు. 1983 నుంచి 2004 దాకా జాతీయ నమూనా సర్వే లెక్కలతో చేసిన పరిశోధనలో తేలింది దీనికి ఎదురు సంగతి. కొద్ది సంస్థల చేతిలో ఉన్న తయారీ పరిశ్రమల్లో విదేశీ సరుకుకు తలుపులు తెరిచేకొద్దీ స్త్రీ పురుష వేతనాల మధ్య దూరం పెరిగింది. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన యజమాని ముందుగా కోసేది బేరమాడలేని వాళ్ల కూలినే.

ఆ కోత ఎలా పడుతుందో బట్టల ఫ్యాక్టరీ షెడ్డులో చూడవచ్చు. కుట్టు లైను పొడవునా ఆడవాళ్లే ఉంటారు. కటింగ్ మాస్టరు, మెకానిక్, సూపర్‌వైజర్ కుర్చీల్లో ఎక్కువగా మగవాళ్లే ఉంటారు. కనీస వేతనాన్ని నైపుణ్యం గ్రేడును బట్టి నిర్ణయిస్తారు కాబట్టి కిటుకంతా గ్రేడులోనే ఉంది. మూడేళ్లుగా మిషను మీద కూర్చున్న అమ్మాయి మస్టర్‌లో 'హెల్పర్' గానే మిగిలితే ఆమెకు దక్కేది నైపుణ్యం లేని పనివారి కూలే. పక్కన అదే మిషను నడిపే అబ్బాయిని 'ఆపరేటర్' అని రాస్తే చాలు, చట్టం దృష్టిలో ఇద్దరివీ వేర్వేరు పనులు. నాలుగు లేబర్ కోడ్‌లలో ఒకటైన కొత్త వేతన కోడ్ 'ఒకే తరహా పని'కి సమాన వేతనం అంటోంది. ఏది ఒకే తరహా అని తేల్చడానికి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత చూడాలంటోంది. ఆ నాలుగింటినీ మొదట కాగితం మీద రాసేది యజమానే. ప్రశ్నించాల్సిన ఇన్‌స్పెక్టర్‌ను కోడ్ యజమానికి సలహాలిచ్చే 'ఫెసిలిటేటర్' కూడా చేసింది. మొదటిసారి తప్పు దొరికితే ప్రాసిక్యూషన్‌కు ముందు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలంది.

ఇక ఓవర్‌టైమ్. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓటీ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచుతూ నిర్ణయం తీసుకుంది. ఆడవాళ్లు రాత్రి షిఫ్టు చేయడానికి అనుమతించడం మహిళా సాధికారత అని చెప్పుకుంది. సాధికారత ఎంతో లెక్క వేద్దాం. ఎనిమిది గంటలకు 480 రూపాయలు వచ్చే ఇద్దరు కార్మికులను ఉదాహరణగా తీసుకోండి. గంటకు 60, ఓటీ రెట్టింపు కాబట్టి 120. పాత పరిమితిలో ఓటీ పూర్తిగా చేసినవారికి మూడు నెలలకు 9,000 రూపాయలు అదనం. కొత్త పరిమితిలో అది 17,280. ఓటీ చేయలేనివారికి అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా. రోజు రేటు ఒక్క పైసా మారకుండానే ఇద్దరి సంపాదన మధ్య దూరం దాదాపు రెండింతలైంది.

చేయలేనివారు ఎవరో ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దాని మీద రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కంపెనీ బస్సు సాయంత్రం ఒకే వేళకు బయలుదేరితే, పిల్లల్ని చూసుకునే క్రెష్ ఆ వేళకే మూసేస్తే, ఓటీ ఎవరికి పోతుందో చెప్పడానికి సర్వే కూడా అక్కర్లేదు. పని గంటలు పెంచే కాగితం మీద సంతకం పెట్టినవారు బస్సు వేళల గురించి, క్రెష్ గురించి ఆలోచించారా?

గోదావరి జిల్లాల రొయ్యల ప్లాంట్లలో పరిస్థితి మరీ అన్యాయం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు రైతు ధర గురించి ప్రభుత్వం మాట్లాడింది. మాట్లాడాల్సిందే. పీలింగ్ టేబుల్ దగ్గర ఐసు నీళ్లలో చేతులు పెట్టి తల తీసి, పొట్టు వలిచి, నరం లాగే ఆడవాళ్ల గురించి మాట్లాడినవారు లేరు. ఫ్రీజరు, కంప్రెసరు దగ్గర మగవాళ్లది నెల జీతం. టేబుల్ దగ్గర ఆడవాళ్లకు చాలాచోట్ల కాంట్రాక్టరు ఇచ్చే కిలో కూలి. ధర పడితే రొయ్య పెరగకముందే రైతు పట్టుబడి చేస్తాడు, ప్లాంటుకు చిన్న రొయ్య వస్తుంది. 30 కౌంట్ అయితే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అయితే 100. కౌంట్‌ను బట్టి రేటు మార్చకపోతే అదే కిలో కూలికి మూడింతలకు పైగా చేతిపని. సరుకు రాని రోజు అదీ ఉండదు. అమెరికా వేసిన సుంకంలో కొంత భాగాన్ని ఆ చేతులే కట్టాయి. ఏ రిజిస్టర్లోనూ కనపడకుండా కట్టాయి.

2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో స్త్రీ పురుష సమానత్వం మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. దాన్ని ఢిల్లీ ఘనంగా చెప్పుకుంది. ఆ అధ్యాయాన్ని వివాద పరిష్కార యంత్రాంగం పరిధిలోకి రానివ్వలేదని మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. అదే బ్రిటన్ తన గడ్డ మీద 250 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు వేతనాల తేడాను ఏటా బయటపెట్టాలని 2017 నుంచి శాసిస్తోంది. ఒప్పందంలో సమానత్వం అని రాసుకుని, దాన్ని కొలిచే గడిని రిజిస్టర్ నుంచి తీసేయడాన్ని కపటం అనక ఏమనాలి?

లెక్క రాయడం కష్టమన్న సాకు చెల్లదు. మొత్తం వేతనాల్లో ఆడవాళ్లకు చెల్లించినది ఎంత శాతమో చెప్పాలని స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే మన సెబీయే పెద్ద లిస్టెడ్ కంపెనీలను అడుగుతోంది, అవి చెబుతున్నాయి. లిస్ట్ కాని విదేశీ అనుబంధ సంస్థలకు, ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోని షెడ్డుకు, లేబర్ కాంట్రాక్టరుకు మాత్రం ఆ బాధ తప్పింది. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేస్తున్నది సరిగ్గా అక్కడే. సెజ్‌లలో కార్మిక సంక్షేమ చట్టాలను సడలించే వీల్లేదని 2005 సెజ్ చట్టంలోని 49వ సెక్షనే చెబుతోంది కాబట్టి అడిగే అధికారం లేదనీ తప్పించుకోలేరు.

భూమి ప్రజలది, విద్యుత్ రాయితీ ప్రజలది, తిరిగి చెల్లించే జీఎస్టీ ప్రజలది. వీటిలో ఏదైనా తీసుకునే ప్రతి సంస్థా, దాని కాంట్రాక్టరుతో సహా, గ్రేడుల వారీగా, ఓటీతో కలిపి, ఆడవాళ్లకూ మగవాళ్లకూ చెల్లించిన మొత్తాన్ని ఏటా ప్రకటించాలి. ప్రకటించని ఏడాది రాయితీ ఆపాలి. కిలోకు ఇంతని ఇచ్చే పీసు రేటు ఉన్నచోట కౌంట్ వారీ రేట్లు గేటు దగ్గర బోర్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ప్రోత్సాహకాల జీవోలో ఒక్క పేరా చాలు. పెట్టుబడిదారు కోరితే పని గంటలు పెంచాలని నిర్ణయించడానికి ఒక్క మంత్రివర్గ సమావేశం సరిపోయింది. ఈ పేరా రాయడానికి ఇంకెన్ని సమావేశాలు కావాలో ముఖ్యమంత్రి, కార్మిక మంత్రి జవాబు చెప్పాలి.