ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడండి

పాలవాడు పాలల్లో చెంబుడు నీళ్లు పోస్తే వీధంతా ఏకమై నిలదీస్తాం. ఇంజన్ ఆయిల్లో నీళ్లు పడితే మాత్రం మనకెందుకో కోపం రాదు, ఉత్సాహం వస్తుంది. ఈ ఉత్సాహం మీద యూనివర్సిటీలు వెంటనే ఒక పీఠం నెలకొల్పాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచేసినప్పుడు మా బావగారి కారు స్టీరింగ్ దాకా మునిగింది. నీళ్లు తీశాక సెల్లార్ బురదలో ఏడుగురు పెద్దలు సమావేశమయ్యారు. నేను ఆయిల్ ఎంతుందో చూసే గేజ్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ పై గీత దాటి జానెడు ఎక్కింది, అంటే నీళ్లు బరువు కాబట్టి అడుగుకి చేరి ఆయిల్‌ని పైకి లేపాయి. అప్పటికింకా నీళ్లూ ఆయిలూ ఎవరి వాటాలో వాళ్లున్నారు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ బోల్టు విప్పితే ముందు నీళ్లే పోయేవి.

"బావగారూ, తాళం ముట్టుకోవద్దు, బండి ఎక్కించి షెడ్డుకి పంపుదాం" అన్నాను.

"ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడండి సార్, పోయేదేముంది" అన్నారు మూడో ఫ్లోర్ పెద్దాయన. ఆయనకి కారు లేదు. అందుకే ఆ మాటకి అంత నిష్పాక్షికత వచ్చింది.

ఎవరో ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలించారు. మొదటిసారి టక్‌మని బిగుసుకుంది. రెండోసారీ అంతే. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు, పిస్టన్ మీద నీళ్లుంటే ఇక వంగాల్సింది దాన్ని కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్డే. మూడోసారి అరనిమిషం దడదడలాడి ఆగిపోయింది. చప్పట్లు! మళ్లీ పుల్ల తీస్తే దానికి పాలెక్కువైన కాఫీ చిక్కగా అంటుకుని ఉంది. మిక్సీలో వేసినట్టు రెండూ కలిసిపోయాయి, ఇంజన్ ఆ కాఫీనే బేరింగులకి కూడా పంచి వచ్చింది.

ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదటి ప్రశ్న: "స్టార్ట్ చేశారా?" మా బావగారు సత్యసంధుడు. "మూడుసార్లే" అన్నారు. ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోకపోతే ఇలా పోయిన ఇంజన్‌కి మామూలు పాలసీ సాధారణంగా డబ్బులివ్వదు. ఆయన తీసుకోలేదు, ఎందుకంటే అది అనవసరమని అప్పట్లో చెప్పింది కూడా ఆ మూడో ఫ్లోర్ పెద్దాయనే.

అసలు పద్ధతిలో వినోదం లేకపోవడమే పెద్ద లోపం. బ్యాటరీ వైరు పీకాలి, ఆయిల్ దించాలి, ఫిల్టర్ మార్చాలి, ప్లగ్గులు తీసి ఇంజన్‌ని చేత్తో తిప్పి సిలిండర్లలో నీళ్లు బయటికి కొట్టాలి, కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి మళ్లీ దించాలి, తేటగా వచ్చేదాకా ఇదే పని. ఇంత నీరసమైన కార్యక్రమానికి ఏడుగురు ఎలా నిలబడతారు?

ఇంకో విచిత్రం. చలికాలంలో రోజూ గుడి దాకా వెళ్లొచ్చే బండికి ఆయిల్ మూత కింద కాస్త తెల్లటి నురగ పడుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి, ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోతే ఆ తడి కొంత లోపలే ఉండిపోతుంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ తగ్గకుండా, పుల్ల మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే ఒకసారి గుంటూరు దాకా వెళ్లొస్తే సరి. కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే ఆ కూలెంట్ సిలిండర్లలోకి రాకుండా ఆపే హెడ్ గాస్కెట్ సంగతి చూడాలి. కానీ ఈ నురగ చూసి మాత్రం ఇదే పెద్దలు టెన్షన్ పడి "ఇంజన్ దించేయండి" అంటారు.

ఇంజన్ పని పూర్తయి కారు ఇంటికొచ్చిన రోజు పెద్దాయన కిందికి దిగి బానెట్ మీద చెయ్యేసి, "మూడోసారి ఇంకాస్త గట్టిగా రేజ్ చేసుంటే ఆరోజే సెట్ అయిపోయేది సార్" అన్నారు. మా బావగారు నిజమేనన్నట్టు తలూపారు.